ఏడో నెంబరు ఎవరిదీ కాదు

ఏప్రిల్ 17

జెర్సీలు ఉతికాను. "ఊరు తగలబడిపోతుంటే మీకు బట్టలుతుక్కునే తీరిక దొరికిందా అండీ" అంది దీనమ్మ. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ ప్రశ్నలకు జవాబు చెప్పి నెగ్గినవాణ్ణి కాను.

జరిగింది రాసి పెట్టుకోవాలి. రేపటి నుంచి ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తారు. పద్నాలుగో తారీఖు జయంతికని పేట కుర్రాళ్ళు సెంటర్లో కట్టిన ఫ్లెక్సీని ఎవరో చించేశారు. ఎవరు చించారో ఎవరికీ తెలియదు. ఎవర్ని కొట్టాలో మాత్రం అందరికీ తెలిసిపోయింది. నిన్న సాయంత్రం బస్టాపు దగ్గర పేట వాళ్ళు ఒక పక్క, మెయిన్ రోడ్డు వాళ్ళు ఒక పక్క, మధ్యలో పోలీసులు. లాఠీలు లేచాక ఎవరు ఏ పక్కో తెలియకుండా పరుగులు, రాళ్ళు. ఒక రాయి హోంగార్డు బుచ్చిరాజు కంటికి తగిలింది. కాకినాడ తీసుకెళ్ళారు. కన్ను దక్కదంటున్నారు. బుచ్చిరాజు మా వాలీబాల్ షెడ్డు మొదటి బ్యాచ్. వాడు సర్వీసు చేస్తే బంతి వల దాటడమే గొప్ప. కానీ ఒక్క రోజు కూడా మానేవాడు కాదు.

రెండు పక్కలా మా షెడ్డు కుర్రాళ్ళున్నారట. ఉండరని నేనెలా అనుకున్నాను? ఈ ఊళ్ళో మీసం వచ్చిన ప్రతివాడూ నా విజిల్‌కి పరిగెత్తినవాడే. నిన్న ప్రాక్టీసు మధ్యలోంచి ఒక్కొక్కడే జారుకున్నాడు, జెర్సీలు కూడా విప్పకుండా. పొద్దున్న చూస్తే అన్నీ షెడ్డు గోడ మీద కుప్పగా పడేసి ఉన్నాయి. ఏ రాత్రివేళ తెచ్చి పడేశారో.

ఏడో నెంబరు మీద మరక పోలేదు. బురదే అయ్యుంటుంది. మళ్ళీ సబ్బు పెట్టి నానేశాను.

ఏప్రిల్ 19

ఎస్సై గారు కబురు పెట్టారు. మంచి కుర్రాడే, కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. ఫోనులో వీడియో చూపించాడు. ఎవరో మేడ మీంచి తీశారు. జనం పరిగెడుతుంటే ఒకడు వెనక్కి తిరిగి, నాలుగడుగులు ముందుకు వేసి రాయి విసిరాడు. మొహానికి రుమాలు. వీపు మీద ఏడు.

"మాస్టారూ, మీరు వెనక్కి తిరిగి కూర్చుని అడుగుల చప్పుడు వింటేనే ఏ కుర్రాడో చెప్పేస్తారంట కదా. మా కానిస్టేబుళ్ళు చెప్పారు."

నేను గొప్పలు చెప్పుకున్న మాట నిజమే. "అదంతా ఆట కబుర్లండి" అన్నాను.

"ఇంకోసారి చూడండి."

చూశాను. నాలుగడుగుల పరుగు మా షెడ్డుదే. స్మాష్ కొట్టేవాడికి నేను నేర్పే పరుగు అది, అందరికీ ఒకటే నేర్పాను. ఎడమ పాదం కాస్త బయటికి పడింది. కంగారులో ఎవరి పాదమైనా అలా పడొచ్చు. వీడియో కదిలిపోతోంది. గుర్తుపట్టలేనండి, కళ్ళల్లో శుక్లాలు అని చెప్పాను. శుక్లాల ఆపరేషన్ కిందటేడే అయిపోయిందని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

"పోనీ ఏడో నెంబరు ఎవరిది?"

"ఎవరిదీ కాదండి" అన్నాను. ఆయన నవ్వాడు. ఆయనకి ఏం చెప్పను? మా వైపు రిక్రియేషన్ క్లబ్బంటే పేకాట. ఆ పేరు వద్దనే కాలవ గట్టు మీద రేకులు వేసి, నాలుగు క్యారమ్ బోర్డులు పెట్టి, ముందు వల కట్టి, దీన్ని షెడ్డన్నాను. బడిలో పీఈటీ ఉద్యోగం జీతానికి చేశాను, ఇది నా కోసం చేశాను. మొదట్లో మెయిన్ రోడ్డు పిల్లలు చొక్కాలు ఇంటి నుంచి తెచ్చుకునేవారు. పేట పిల్లలు తొడిగినవి మేం తొడగం అనేవారు. అప్పుడు జెర్సీలన్నీ ఒకే తొట్టిలో పడేసి, నేనే ఉతికి, ఒకే తీగ మీద ఆరేసి, వచ్చినవాడు చేతికందింది తొడుక్కోవాలన్నాను. నెంబరు ఎవరిదీ కాదు, ఇష్టం లేనివాడు ఇంటికి పోవచ్చు. ఇద్దరు తండ్రులు పోట్లాటకి వచ్చారు. వాళ్ళ మనవలు కూడా ఆ తీగ మీద జెర్సీలే తొడుక్కుంటున్నారు ఇప్పుడు. నేను బతికి చేసిందేమిటంటే అదే.

గుర్తుపట్టలేదని కాగితం మీద రాయించి సంతకం తీసుకున్నారు.

ఏప్రిల్ 20

మా షెడ్డు కుర్రాడు, పేట హేమంత్‌ని పోలీసులు తీసుకెళ్ళారు. కిందటి నెల రాజోలు టోర్నమెంటులో కప్పు పట్టుకున్న ఫోటో జిల్లా పేజీలో పడింది కదా, అందులో వాడు ఏడో నెంబరు తొడుక్కున్నాడట. ఆ రోజు చేతికి అదే అందింది, అంతే. రెండు రోజుల్లో వదిలేస్తారు.

ఏప్రిల్ 21

పొద్దున్నే చిట్టి వచ్చింది. హేమంత్ తల్లి. పీచు ఫ్యాక్టరీకి వెళ్తూ దారిలో ఆగింది. ఎంత కడుక్కున్నా ఆ మనిషి చేతుల మీద కొబ్బరి పీచు పోదు.

"మాస్టారండీ, మావోడు ఆ టైముకి ఏరు దాటే పంటు మీద ఉన్నాడండి. క్రిస్టీనాని తీసుకురాడానికి సఖినేటిపల్లి రేవు దాటి నర్సాపురం ఎల్లేడండి. చెల్లి మాట చెల్లదంటున్నారండి, ఇంట్లోవోళ్ళ సాక్ష్యమంట."

"తెలుసమ్మా. కంగారు పడకు."

"మీరు ఆ వీడియో చూసేరంట కదండీ."

"చూశాను. ఎవరో తెలియడం లేదని చెప్పాను."

"మావోడైతే మీకు తెలిసిపోయేది కదండీ. చిన్నప్పట్నించీ మీ చేతుల్లో పెరిగేడు. తెలియలేదంటే మావోడు కాదనే కదండీ. ఆ ముక్క చెప్పేరాండి?"

కనుక్కుంటాను, మాట్లాడతాను అన్నాను. "ఆయ్. మీరున్నారు కదండీ" అని వెళ్ళింది.

ఆ ముక్క ఎందుకు చెప్పలేదు? హేమంత్ కాదు అంటే మరెవరు అంటారు. ఎవరో తెలియని మనిషి, కాదని మాత్రం ఎలా చెప్తాడు? మాట నిలవదు. అందుకే చెప్పలేదు. అంతే.

ఏప్రిల్ 23

కానిస్టేబుల్ వచ్చి ఏడో నెంబరు జెర్సీ పట్టుకెళ్ళాడు. "ఉతికేశారా మాస్టారూ" అన్నాడు. రోజూ ఉతుకుతానన్నాను. అది నిజమే.

ఏప్రిల్ 26

రిమాండు. ప్లీడరు గారు వారం పది రోజుల్లో బెయిలు వస్తుందన్నారు. తప్పు చేయనివాడికి భయమేముంది. మహా అయితే పది రోజులు.

మే 2

కాలవలకి నీళ్ళు కట్టేశారు. బురద కంపు. షెడ్డుకి ఎవరూ రావడం లేదు. పేట వాళ్ళు పిల్లల్ని రానివ్వడం లేదు, మెయిన్ రోడ్డు వాళ్ళు పంపడం లేదు. రమణ ఒక్కడే రోజూ వస్తున్నాడు.

వీరవెంకటరమణ అని తల్లిదండ్రులు ఊరంత పేరు పెట్టారు, నేను విజిల్ ఊదేలోపు పిలవలేక రమణని చేశాను. తండ్రి మాణిక్యాలరావుది మెయిన్ రోడ్డు మీద కొబ్బరి కొట్టు. కుర్రాడు వస్తాడు, బంతి తీసుకుని గోడకేసి కొట్టుకుంటాడు, చీపురు పట్టి కోర్టు ఊడుస్తాడు, నా ఎదురుగా బల్ల మీద కూర్చుంటాడు. మాట్లాడడు. ఇన్నేళ్ళలో వాడిలాంటి అటాకర్ నాకు దొరకలేదు. రైల్వే స్పోర్ట్స్ కోటాలో పేరు వచ్చింది, ఆర్డరు రావాలి. పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది. మా షెడ్డు నుంచి రైల్వేకి వెళ్ళే మొదటివాడు.

ఎనిమిదో తరగతిలో వాడి మడమ విరిగింది. వాళ్ళ నాన్న ఇంక ఆట వద్దన్నాడు. నేనే సైకిలు మీద కట్టు కట్టేవాడి దగ్గరికి తిప్పాను. కట్టు విప్పాక ఈ బల్ల మీదే కూర్చోబెట్టి నూనె రాసి, గట్టు మీద నడిపించాను. ఎముక అతుక్కుంది కానీ పాదం తిన్నగా పడదు.

రమణ గురించి ఇంత ఎందుకు రాశానో. హేమంత్ గురించి రాయాల్సింది. హేమంత్ సెట్టర్. సెట్టర్ గురించి రాయడానికేం ఉండదు, బంతి ఎప్పుడూ పక్కవాడికి అందిస్తాడు.

మే 9

బుచ్చిరాజుని చూడ్డానికి కాకినాడ ఆసుపత్రికి వెళ్ళాను. కంటికి కట్టు. కన్ను తీసేశారు. మంచం పక్కన కమలాపండ్లు పెట్టాను.

"హేమంత్ కాదండి మాస్టారూ" అన్నాడు, నేనింకా కూర్చోకుండానే. "నేను చూళ్ళేదండి. చూడకపోయినా వాడు కాదండి. వాడు మొన్నమొన్నటిదాకా మా ఇంటికొచ్చి పాపకి లెక్కలు చెప్పేవాడండి. మా స్టేషన్ వాళ్ళకి చెప్తే నీకు దెబ్బ తగిలి మతి పోయిందంటున్నారు."

వాడే నవ్వి పాత సంగతులెత్తాడు. "పాయింటు పోతే మీరు విజిలేసి ఎవరిదిరా తప్పు అనేవారు, గుర్తుందాండి? అందరం చెయ్యెత్తి నాదే మాస్టారూ, నాదే మాస్టారూ అని అరవాలి. వేలు పెట్టి పక్కవాణ్ణి చూపించినవాడు రెండు రోజులు బయట కూర్చోవాలి. ఆట అయిపోయాక అసలోణ్ణి కొబ్బరిచెట్టు పక్కకి పిలిచి, చెవిలో చెప్పేవారు, ఒరేయ్ అది నీదిరా అని. మీకెలా తెలిసేదండి ఎప్పుడూ?"

"చూస్తుంటాను కదరా" అన్నాను.

"ఆయ్. మీరు చూస్తున్నారన్న ధైర్యంతోనే కదండీ అందరం చెయ్యెత్తేవాళ్ళం."

తిరిగి వచ్చే దారిలో రావులపాలెం దగ్గర బస్సు మారాలి. మారడం మర్చిపోయాను.

మే 10

ఎండ.

మే 18

ఉపవాస ప్రార్థనలో పాస్టరు గారు హేమంత్ కోసం ప్రత్యేకంగా ప్రార్థించమని నన్నే లేపారు. గట్టిగానే చేశాను. నిరపరాధిని విడిపించు ప్రభువా అన్నాను. జనం ఆమెన్ అన్నారు. చిట్టి ఏడ్చింది. నా మనసు కాస్త తేలికైంది. నా చేతిలో ఉన్నది నేను చేస్తున్నాను.

బెయిలు రెండోసారి కొట్టేశారు. డ్యూటీలో ఉన్నవాడి కన్ను పోయింది కాబట్టి కష్టమట. ఇవాళే బీపీఈడీకి ఫిజికల్ టెస్టు. హేమంత్ ఆరు నెలల నుంచీ పరిగెత్తింది దానికోసమే. మీలాగా పీఈటీ అవుతానండి అనేవాడు. నాలాగా ఎందుకురా, ఇంకా మంచి పనులు లేవా అనేవాణ్ణి. లోపల మాత్రం పొంగిపోయేవాణ్ణి.

వచ్చే ఏడాది వెళ్తాడు.

మే 27

మాణిక్యాలరావు గారు వచ్చారు. ఈయన మా గుమ్మంలోకి రావడం ఇదే మొదలు. దీనమ్మ కాఫీ ఇస్తే తాగారు కూడా. అది చూసి నాకు ఎక్కడ లేని సంతోషం వేసింది. ఏం మనిషిని నేను!

"జీవరత్నం గారూ, ఊళ్ళో గొడవలు చల్లారాలంటే మంచి కార్యక్రమం ఒకటి జరగాలండి. ముప్ఫై ఏళ్ళుగా కుర్రాళ్ళకి ఇంత సేవ చేసేరు, మేం ఏనాడూ ఓ శాలువా కప్పలేదు. శాంతి కమిటీ తరఫున సన్మానం పెడదామనుకుంటున్నామండి. షెడ్డుకి స్లాబు కూడా వేయించేద్దాం. ఆ ఖర్చు నాకొదిలేయండి."

"నాకెందుకండి ఇప్పుడు" అన్నాను.

"మీకే కావాలండి. ఎక్కడ ఏం మాట్లాడాలో తెలిసిన పెద్దమనిషి ఈ ఊళ్ళో మీరొక్కరే."

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, "మా రమణకి తండ్రిని నేనే అయినా పెంచింది మీరేనండి" అన్నారు. రెండో చెప్పు తొడుక్కోవడం మర్చిపోయి నా మొహంలోకి చూశారు. ఆయనకి తెలుసు. ఏం తెలుసని రాస్తున్నాను? తెలియడానికి ఏముంది?

దీనమ్మ కప్పు కడుగుతూ, "స్లాబు దేనికండీ, రేకులు బాగానే ఉన్నాయి కదా" అంది. ఆవిడకి కొబ్బరి కొట్టు వాళ్ళంటే పడదు.

జూన్ 5

హేమంత్‌కి బెయిలు వచ్చింది. అనుకున్నాను కదా. దేవుడున్నాడు.

పేటకి వెళ్ళి చూసి వచ్చాను. కుడి చెయ్యి లుంగీ మడతలో పెట్టుకుని కూర్చున్నాడు. ఏమైందిరా అంటే, మొదట్లో స్టేషన్లో కాలు జారి పడ్డానండి అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. చెయ్యి తీసి చూపించమన్నాను. మూడు వేళ్ళు మడత పడడం లేదు. సెట్టర్‌కి ఆ వేళ్ళే. నేను ఆ వేళ్ళ కింద బంతి పెట్టి నేర్పాను, పూలబుట్ట పట్టుకున్నట్టు పట్టుకోరా అని.

క్రిస్టీనా నావైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. అలిసిపోయి ఉంటుంది.

జూన్ 8

సన్మానం అయింది. సెంటర్లో నా ఫ్లెక్సీ కట్టారు. ఏప్రిల్లో చించిన ఫ్లెక్సీ ఉన్న చోటే, ఆ వెదురు బొంగులకే. నా తల నా తలకంటే పెద్దగా ఉంది. కింద 'యువతరానికి వెలుగుబాట' అని రాశారు. పంచాయతీ హాలు నిండింది. ఎస్సై గారు మాట్లాడారు, మాణిక్యాలరావు గారు మాట్లాడారు. మాస్టారి శిష్యులంతా లేచి నిలబడండి అంటే హాల్లో సగం మంది లేచారు. పేట వాళ్ళూ, మెయిన్ రోడ్డు వాళ్ళూ. ఏప్రిల్ తర్వాత వాళ్ళంతా ఒక కప్పు కింద నిలబడడం అదే. ముందు వరసలో రమణ. వెనక తలుపు దగ్గర హేమంత్. ఎందుకు వచ్చాడు? ఎవరు రమ్మన్నారు? ఒక చేత్తో తొడ మీద చప్పట్లు కొడుతున్నాడు.

మైకు నా చేతికిచ్చారు. క్రమశిక్షణ గురించి మాట్లాడాను. ఐకమత్యం గురించి మాట్లాడాను. జెర్సీల సంగతి చెప్తే బాగా చప్పట్లు కొట్టారు. అది మంచి సభ. ఆ సభలో వేరే సంగతులు ఎత్తి పది మందినీ మళ్ళీ రోడ్డు మీదికి లాగడం ధర్మం కాదు. దేనికైనా సమయం ఉంటుంది.

రమణకి ఆర్డరు వచ్చిందట. స్టేజీ మీద ప్రకటించారు. వాడు వచ్చి నా కాళ్ళకి దండం పెట్టాడు. లేవమంటే చాలాసేపు లేవలేదు.

జూన్ 9

శాలువా బీరువాలో పెట్టమన్నాను. దీనమ్మ కుర్చీ మీదే వదిలేసింది.

జూన్ 11

హేమంత్ షెడ్డుకి వచ్చాడు. కూర్చున్నాడు. కాలవలోకి నీళ్ళొదిలారు, ఇద్దరం కాసేపు నీళ్ళు చూశాం.

నేనే అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. "ఒరేయ్, జెర్సీ నీదేనని ఒప్పుకున్నావటగా. ఎందుకురా? నువ్వు పంటు మీద ఉన్నావు కదా?"

"ఆయ్. ప్రాక్టీసు మధ్యలో రేవుకి బయల్దేరతా జెర్సీ విప్పేనండి. తడిసిపోయింది, ఉతికినాక తొడుక్కోరా అంటే పర్లేదు ఇలాగివ్వు అన్నాడండి అప్పుడే ఆటకొచ్చిన రమణ."

"మరి ఆ మాట చెప్పలేదేం?"

నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండును.

"నెంబరు ఎవరిదిరా అని అడిగేరండి. వేలెట్టి పక్కోణ్ణి చూపించకూడదు కదండీ. నాదేనండి అన్నాను. కొట్టినా నాదే అన్నానండి. మీరు వీడియో చూసేరని అక్కడే చెప్పేరు. మాస్టారు చూసేరు కదా, పక్కకి పిలిచి ఆడికి చెప్తారు, ఇంక నాకేంటి అనుకున్నానండి." కాలవ వైపు తిరిగి, "ఇవాళ కాకపోతే రేపు పిలుస్తారు అనుకున్నానండి" అన్నాడు.

వాడే లేచి, "పోన్లెండి, రమణకి ఉద్యోగం వచ్చింది కదండీ. షెడ్డుకి మంచిపేరు" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. వాడికి ఎత్తిపొడవడం రాదు.

జూన్ 12

అది రమణ. ఫోనులో మొదటిసారి చూసినప్పుడే తెలిసింది. ఆ పాదం నా చేతుల్లో పెట్టుకుని నూనె రాశాను, నాకు తెలియకపోవడమేమిటి? జెర్సీ మీదిది రక్తం. అదీ తెలుసు. బుచ్చిరాజుది కాదు, లాఠీ దెబ్బకి రమణ మోచెయ్యి పగిలింది. మర్నాడు కట్టుతో వచ్చాడు. ఎలా తగిలిందిరా అని అడగలేదు. పిల్లాడికి చిన్న దెబ్బ తగిలితే మూడుసార్లు అడిగేవాణ్ణి, అడగలేదు.

షెడ్డు కోసం అనుకున్నాను. నేను, పేటవాణ్ణి, మెయిన్ రోడ్డు కుర్రాడి పేరు చెప్తే ఇంక ఆ తీగ మీద జెర్సీ ఎవరు తొడుక్కుంటారు అనుకున్నాను. ఇంకొకటి కూడా. రైల్వేకి వెళ్ళే మొదటివాడు నావాడు అని చెప్పుకోవాలని. ఆ గొప్ప కోసం. ఆ కాఫీ కోసం. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

జూన్ 13

రమణని కొబ్బరిచెట్టు పక్కకి పిలిచాను. రేపు బండెక్కుతాడు.

"ఒరేయ్, అది నీదిరా" అన్నాను.

"ఆయ్" అన్నాడు. తల దించుకున్నాడు. "మీరు చూసేరని తెలుసండి. రోజూ వచ్చి కూర్చున్నది అందుకేనండి. పిలుస్తారని. మీరు పిలవలేదు. పిలవకపోతే నాది కాదేమో అనిపించేసేదండి మాస్టారూ. బంతి ఎవరికో తగిలిపోయినట్టు. నేను ఆయన మీద విసరలేదండి. ఊరికే విసిరేసేను."

"ఏప్రిల్లో పిలిచుంటే చెయ్యెత్తేవాడివా?"

కాలితో మట్టి గీస్తూ, "ఎత్తేవోణ్ణేనండి. అప్పుడు భయంగా ఉండేది కదండీ. ఎవరైనా చెప్తే చేసేసేవోణ్ణి" అన్నాడు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఆర్డరు వచ్చేసిందండి. నాన్న ఊరంతా స్వీట్లు పంచేరండి."

ఏడ్చాడు. నేను వీపు మీద చెయ్యి వేయలేదు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

జూన్ 14

స్టేషన్‌కి వెళ్ళాను. ఎస్సై గారు శాలువా మాస్టారు వచ్చారే అని నవ్వుతూ లేచారు. చెప్పాను. పేరు చెప్పాను, పాదం సంగతి చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

"కళ్ళల్లో శుక్లాలన్నారు కదండీ?"

"ఆపరేషన్ కిందటేడే అయిపోయిందండి. మీకు అబద్ధం చెప్పాను."

"మాస్టారూ, మీ మంచికే చెప్తున్నా. హేమంత్ తనదేనని ఒప్పుకున్నాడు. మీరు గుర్తుపట్టలేదని సంతకం పెట్టేరు. ఇప్పుడు మీ పేట కుర్రాడు ఇరుక్కున్నాక వచ్చి మెయిన్ రోడ్డు కుర్రాడి పేరు చెప్తున్నారు. కోర్టులో ఏమంటారు? సొంతవాణ్ణి తప్పించడానికి అంటారు. మొదటి రోజు చెప్పుంటే మీ మాట మాటండి."

మొదటి రోజు చెప్పుంటే అది నిజం. ఇవాళ అది కులం. ఇంతేనా నా ముప్ఫై ఏళ్ళు? రాయించుకోండి అని పట్టుబట్టాను. రాయించుకున్నారు. తప్పుడు వాంగ్మూలం కేసు నా మీద పడొచ్చన్నారు. పడనివ్వండి అన్నాను. అమలాపురం ప్లీడరు గారికి కూడా చెప్పాను. చూద్దామండి అన్నారు, ఫైలులోంచి తల ఎత్తకుండా.

జూన్ 17

ఫ్లెక్సీ చించేశారు. నాది. ఎవరు చించారో తెలియదు. రెండు పక్కల వాళ్ళకీ కారణం ఉంది.

మాణిక్యాలరావు గారు రోడ్డు మీద ఎదురైతే తల తిప్పుకున్నారు. పేట అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్ళు కూడా తిప్పుకున్నారు. పాస్టరు గారు ఒక్కరే నిలబడి మాట్లాడారు, అదీ వాన గురించి.

జూన్ 21

దీనమ్మతో అంతా చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతోంది. "నాకెప్పుడో తెలుసండి. మడమకి నూనె కాచింది నేనే కదా. ఆ రోజు జెర్సీ మీరు మూడుసార్లు ఉతికేరు" అంది. నువ్వైనా అనలేదేం అన్నాను. "మీరే చెప్తారని చూసేను" అంది.

అందరూ చూశారు.

జూన్ 24

చిట్టి వచ్చింది. పని నుంచి తిన్నగా వచ్చినట్టుంది, జుట్టంతా పీచు దుమ్ము. నేను లేచి నిలబడ్డాను. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఏనాడూ కూర్చోలేదు.

"నాకు మొదటి రోజే తెలుసమ్మా" అన్నాను. "వీడియో చూడగానే తెలుసు. నువ్వొచ్చి అడిగిన రోజు కూడా తెలుసు. చెప్పలేదు. వాడి చెయ్యి పోవడానికి కారణం నేనే. నన్ను ఏమన్నా అను."

"ఆయ్" అంది.

చేతి మీద పీచు ఒక్కొక్కటే తీసుకుంటూ నిలబడింది.

"ములాఖత్‌కి ఎల్లినప్పుడల్లా మావోడు ఒకటే మాటండి. మాస్టారు చూసుకుంటారమ్మా, నువ్వు ఏడవకు అని. పేటలో ఎవరేమన్నా నేనూ అదే చెప్పేదాన్నండి. మా క్రిస్టీనా నన్ను తిట్టేదండి, నీ మాస్టారే చెప్పట్లేదే పిచ్చిదానా అని. దాన్ని చెంప మీద కొట్టేనండి."

"ఇప్పుడు చెప్పానమ్మా. రాయించి వచ్చాను. కోర్టులో కూడా చెప్తాను."

"ఆయ్. మంచిదండి."

పీఈటీగా కాకపోయినా వాణ్ణి షెడ్డుకి పంపించు, నేను చూసుకుంటాను అని నోటిదాకా వచ్చింది. ఆ మాట అనే హక్కు పోయిందని ఆగాను.

ఆమె తీగ వైపు చూసింది. ఆరో నెంబరు జెర్సీకీ ఎనిమిదో నెంబరుకీ మధ్య ఎడం ఉంది. చెయ్యి అలవాటు కొద్దీ అక్కడ చోటు వదిలి ఆరేస్తోంది.

"ఏడో నెంబరు ఎవరిదీ కాదనేవోరు కదండీ మీరు" అంది, మెల్లగా, మర్యాదగా. "ఇప్పుడు మావోడిదైపోయిందండి. ఎక్కడికెల్లినా ఆడిదే అంటారండి. వస్తానండి మరి."

"ఆయ్" అన్నాను.